దేదే నడిచిన దారి: పిరనీస్‌లో కామెట్ లైన్ గైడెడ్ వాక్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ నడకకి వెళ్ళేవాళ్ళకి అది తెలియాలి.

మేము ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటాం, ఆరేళ్ళయింది. ఈ వేసవిలో మా వదిన నిజామాబాద్ నుంచి నెల రోజులకి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా స్టాఫ్ నర్సు, జీవితంలో ఇంత పెద్ద లీవ్ ఎప్పుడూ పెట్టలేదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మేము చూపించేవి అవే, లూర్ద్, కార్కసాన్, వీలైతే పారిస్. వదినకి అవన్నీ చూపించాం, చూసింది, బాగున్నాయంది, కానీ మూడో వారం "నడిచే జాగ ఏదన్న ఉంటే తీస్కపో, కార్ల కూసొని కూసొని కాళ్ళు పట్టుకుపోయినయ్" అంది. అప్పుడు వెతికితే దొరికింది ఈ వాక్. సాన్-జాన్-ద-లూజ్ దగ్గర ఇద్దరు మనుషులు కలిసి నడుపుకునే చిన్న సర్వీస్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కళ్ళుగప్పి పైలట్లని స్పెయిన్‌లోకి దాటించిన దారిలో పగటిపూట నడిపిస్తారు. మనిషికి 65 యూరోలు, పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం ఆరింటికి అయిపోతుంది, గ్రూపులో ఎనిమిది మందికి మించి తీసుకోరు. బ్రోషర్‌లో "బెల్జియం నర్సు నడిపిన రహస్య మార్గం" అని ఉంది, ఆ నర్సు అన్న మాట చూసే వదిన బుక్ చేయమంది.

ఆ నర్సు పేరు ఆంద్రే ద జాంగ్, అందరూ పిలిచింది దేదే అని. ఆమె గురించి ముందు కాస్త తెలుసుకుని వెళ్తే నడక వేరేగా ఉంటుంది కాబట్టి రాస్తున్నా. బ్రస్సెల్స్‌లో స్కార్‌బేక్ అనే ప్రాంతం, అక్కడ 1916 నవంబర్ 30న పుట్టింది, నాన్న ఫ్రెడెరిక్ బడి హెడ్‌మాస్టర్. ఆమె పుట్టడానికి ఏడాది ముందు, 1915 అక్టోబర్ 12న, అదే స్కార్‌బేక్‌లో జర్మన్లు ఎడిత్ కావెల్ అనే ఇంగ్లిష్ నర్సుని కాల్చి చంపారు, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ, దారి తప్పిన సైనికులని దాచి హాలండ్‌కి పంపినందుకు. దేదే ఆ కథ వింటూ పెరిగిన పిల్ల. పెద్దయ్యాక మాల్మెడీలో బొమ్మలు గీసే ఉద్యోగం, పక్కన రెడ్‌క్రాస్ ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్. 1940 మే నెలలో జర్మన్లు బెల్జియంలోకి రాగానే ఉద్యోగం వదిలేసి వచ్చి బ్రూజ్‌లో గాయపడ్డ సైనికులకి నర్సుగా పనిచేసింది. డంకర్క్ రేవు నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి వెళ్ళిపోయాక, ఓడలెక్కలేక మిగిలిపోయిన బ్రిటిష్ సైనికులు అక్కడ చాలామంది, మానిన గాయంతో బయటికి పంపిస్తే నేరుగా ఖైదీల క్యాంపుకే, అందుకని వాళ్ళని దాచడానికి ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది. దాచినవాళ్ళు ఎన్నాళ్ళని దాక్కుంటారు, ఏదో ఒక రోజు ఇంటికి పంపాలి కదా, అక్కణ్ణుంచి పుట్టిందే కామెట్ లైన్. బ్రస్సెల్స్ నుంచి పారిస్, పారిస్ నుంచి రైల్లో బయోన్, అక్కణ్ణుంచి ఈ పిరనీస్ కొండలు, కొండలవతల స్పెయిన్, చివరికి బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న జిబ్రాల్టర్.

1941 ఆగస్టులో బిల్‌బావోలో బ్రిటిష్ కాన్సులేట్‌కి ఒక సన్నటి అమ్మాయి ఒక స్కాట్లాండ్ సైనికుణ్ణి, ఇద్దరు బెల్జియన్లని వెంటబెట్టుకుని వెళ్ళి, వీళ్ళని నేనే తెచ్చాను, ఇంకా తెస్తాను, దారి ఖర్చులు మీరు భరించండి అంటే అక్కడివాళ్ళు వెంటనే నమ్మలేదు. పిరనీస్ దాటడం అంటే మాటలా, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పైగా జర్మన్లే పంపిన మనిషేమో అని లండన్‌లో కూడా అనుమానం. చివరికి ఒప్పుకున్నారు, అయితే సైనికుల కంటే పైలట్లని, విమాన సిబ్బందిని ముందు తెమ్మన్నారు, ఎందుకంటే ఒక పైలట్‌ని తయారుచేయాలంటే ఎంత టైము ఎంత డబ్బు. ఆమె పెట్టిన షరతు ఒకటే, డబ్బు మీరివ్వండి, లైన్ మాత్రం మేమే నడుపుకుంటాం. తర్వాత పదిహేడు నెలల్లో తను స్వయంగా దాటించింది 118 మందిని. వాళ్ళని అవతల దించి మళ్ళీ ఇదే కొండెక్కి వెనక్కి వచ్చేది, వదిన దీని గురించే "గదేంది, డ్యూటీ దిగి మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టే" అంది.

సరే, నడక సంగతి. తులూజ్ నుంచి రైల్లో ముందు రోజు సాయంత్రమే వెళ్ళి రాత్రి సాన్-జాన్-ద-లూజ్‌లో ఉన్నాం, అలాగే చేయండి, పొద్దున బయల్దేరితే తొమ్మిదికి అందుకోలేరు. స్టేషన్ ముందు కలుస్తారన్నారు, వ్యాన్ నలభై నిమిషాలు లేటు, ఫోన్ చేస్తే ఎత్తారు, సారీ చెప్పారు, ట్రాఫిక్ అట. గైడ్ యాభై ఏళ్ళుండే బాస్క్ మనిషి (బాస్క్ అంటే ఈ సరిహద్దు ప్రాంతపు జాతి, వాళ్ళకి సొంత భాష ఉంది), ఇంగ్లిష్ నిదానంగా స్పష్టంగా మాట్లాడతాడు, వదినకి కూడా ముప్పావు వంతు అర్థమైంది. ఎక్కే ముందు అందరి బూట్లు చూశాడు, ఒకావిడ పల్చటి చెప్పులతో వస్తే వ్యాన్‌లోంచి వేరే జత తీసిచ్చాడు, అది నాకు బాగా నచ్చింది. తన సంచిలోంచి తాడు అడుగున్న గుడ్డ బూట్లు తీసి చూపించాడు, ఎస్పడ్రిల్ అంటారు, ఆ రోజుల్లో పైలట్లకి బూట్లు విప్పించి ఇవే తొడిగేవాళ్ళు, రాళ్ళ మీద చప్పుడు కావు, తడిసినా ఆరతాయి. పొడుగాటి అమెరికన్ల పాదాలకి సరిపోయే సైజు దొరకడమే పెద్ద కష్టం అయ్యేదట.

ఉరూన్ ఊరి బయట బిదెగైన్ బెరి అనే ఫామ్ హౌస్ దగ్గర మొదటి హాల్ట్. తెల్లటి గోడలు, ఎర్ర రంగు చెక్క కిటికీలు, మామూలు బాస్క్ రైతు ఇల్లు. ఇది ఫ్రాన్షియా అనే వితంతువు ఇల్లు, ముగ్గురు పిల్లలతో ఉండేది, కొండ ఎక్కబోయే ముందు పైలట్లు ఆఖరిసారి కడుపునిండా తిని ఒళ్ళు వెచ్చచేసుకునే చోటు. 1943 జనవరి 15న దేదేని పట్టుకుంది ఇక్కడే, ఈ ఇంట్లోనే. వానలకి కింద నది పొంగింది, గైడ్ ఈ రాత్రి దాటలేం అన్నాడు, ముగ్గురు పైలట్లతో దేదే ఆగిపోయింది, ఎవరో పొలం పనివాడు చెప్పాడంటారు, జర్మన్లు వచ్చి అందర్నీ తీసుకుపోయారు. ఫ్రాన్షియా 1945లో రావెన్స్‌బ్రూక్ అనే నాజీ నిర్బంధ క్యాంపులో చనిపోయింది. ఆ ఇల్లు వేరేవాళ్ళది, లోపలికి వెళ్ళనివ్వరు, రోడ్డు మీద నుంచే చూడాలి, మా గ్రూపులో ఒకాయన గేటు తీయబోతే గైడ్ చెయ్యి పట్టి ఆపాడు. మేము ఆ గోడ పక్కన నిలబడి పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు, లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

ఇక్కడిదాకా చాలా బాగుంది. నేను మార్కు తగ్గించింది ఆ తర్వాతి రెండు గంటలకి. కొండెక్కుతున్నంతసేపూ కథ మొత్తం ఆ రోజుల్లో దేదేతో కలిసి పైలట్లని ఈ కొండ దాటించిన బాస్క్ గైడ్ ఫ్లోరెంతీనో గురించే. ఫ్లోరెంతీనో గోయ్‌కోఎచెయా గొప్ప మనిషి, అందులో నాకు రెండో మాట లేదు. ఎర్నానీ దగ్గరివాడు, దొంగసరుకు దాటించేవాడు, భారీ మనిషి, బాస్క్ తప్ప మిగతా భాషలు అంతంత మాత్రమే, చీకట్లో కూడా ఏ రాయి ఎక్కడుందో తెలిసినవాడు, దారిలో చెట్ల దగ్గర కోన్యాక్ సీసాలు దాచుకునేవాడు. 1944 జులైలో జర్మన్ల తూటాలు కాల్లో దిగితే చేతిలో ఉన్న కాగితాలు రాళ్ళ కింద దాచేసి అప్పుడు పట్టుబడ్డాడు, తోటివాళ్ళు జర్మన్ పోలీసుల వేషంలో బయోన్ ఆసుపత్రికి అంబులెన్స్ తెచ్చి ఎత్తుకుపోయారు. ఇదంతా గైడ్ అద్భుతంగా చెప్పాడు, తన ఊరి వీరుడు కదా. కానీ రెండు గంటల్లో దేదే పేరు వచ్చింది నాలుగైదు సార్లు, అదీ ఆయన వెనక నడిచిన ధైర్యవంతురాలు అన్నట్టు. బ్రోషర్ మీద నర్సు అని వేసుకుని నర్సు పని గురించి ఒక్క ముక్క లేదు.

అది చెప్పింది మా వదిన. షోల్దోకోగైనా అనే కొండ ఉంది, 486 మీటర్లు, వినడానికి ఎత్తు తక్కువే గానీ సముద్రమట్టం దగ్గర్నుంచి మొదలుపెడతాం కాబట్టి ఎక్కేసరికి తొడలు వణుకుతాయి. పైన గాలి, పొట్టి గుర్రాలు విడిగా మేస్తుంటాయి, పొటోక్ అంటారు వాటిని, ఒకపక్క సముద్రం, ఇంకోపక్క స్పెయిన్ వైపు కొండలు వరసగా. అక్కడ కూర్చోగానే మా గ్రూపులో ఒక స్కాట్లాండ్ కుర్రాడు బూటు విప్పితే మడమ మీద బొబ్బ చితికిపోయి సాక్సుకి అంటుకుపోయింది. గైడ్ బ్యాగులోంచి ప్లాస్టర్ తీసి వాడి చేతికిచ్చాడు. వదిన ప్లాస్టర్ వాడి చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, తన బాటిల్‌లో నీళ్ళు సాక్సు మీద కొంచెం కొంచెంగా పోసి నాననిచ్చి, లాగకుండా అంచు నుంచి మెల్లగా ఊడదీసింది. పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని శుభ్రంగా కడిగి, వేళ్ళ సందులు కూడా ఆరేదాకా తుడిచి, గాజ్ గుడ్డ వేసి, మడమ చుట్టూ టేపు 'ఎనిమిది' ఆకారంలో తిప్పి, బూటు లేసులు కింద వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా తనే కట్టింది. ఇదంతా చేసేటప్పుడు వాడితో తెలుగులోనే మాట్లాడింది, "అయిపోయింది బిడ్డా, ఇంకొంచెమే", వాడు బుద్ధిగా తల ఊపాడు.

ఆ తర్వాత గైడ్‌ని అడగమని నాతో అంది, "ఆ పైలట్లు నెలల తరబడి చిన్న చిన్న రూముల్ల దాక్కున్నరంటివి కదా, మరి వాళ్ళ కాళ్లల్ల బలం ఎక్కడుంటది? అసోంటోళ్ళని రాత్రికి రాత్రి ఈ కొండ ఎట్ల ఎక్కిచ్చింది? విమానం కూలి కాలిన గాయాలుంటయ్, విరిగిన ఎముకలుంటయ్, వాళ్ళకి కట్లు ఎవరు మార్చిండ్రు?" గైడ్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు అన్నాడు. అప్పుడు కూర్చుని చెప్పాడు, తనకి తెలిసినవన్నీ, మేము అడిగితే తప్ప బయటికి రాని విషయాలన్నీ.

నిజంగానే వాళ్ళు నడవగలిగే స్థితిలో ఉండేవాళ్ళు కాదట. వారాల తరబడి ఇంట్లోనే ఉండి కండలు కరిగిపోయి, పైగా రైల్లో బిక్కుబిక్కుమంటూ వచ్చి. రైల్లో నోరెత్తకూడదు, జేబులో చేతులు పెట్టుకుని చిల్లర గలగలలాడించకూడదు, చూయింగ్ గమ్ నమలకూడదు, ఫోర్క్ పట్టుకునే పద్ధతి మార్చుకోవాలి, ఇవన్నీ ముందే నేర్పించాలి. ఆంగ్లె అనే ఊళ్ళో ఎల్వీర్ ద గ్రేఫ్ అనే బెల్జియన్ గృహిణి ఉండేది, తాంత్ గో అని మారుపేరు, పైలట్లకి తిండి, బట్టలు, దాక్కునే ఇళ్ళు ఆమే చూసేది, ఆమె భర్త జర్మన్ల ఆఫీసులోనే దుబాసీగా ఉంటూ అక్కణ్ణుంచే పాసులు, స్టాంపులు సంపాదించేవాడు. కొండ మీద ఎవరైనా కూలబడిపోతే వాళ్ళని లేపి నడిపించాలి, బతిమాలాలో తిట్టాలో ఆ మనిషిని బట్టి తెలియాలి. ఇరవై రెండేళ్ళు వార్డులో పనిచేసిన వదిన ఇది వింటూ మధ్యమధ్యలో అవునవును అంటూనే ఉంది. ఆపరేషన్ అయిన పేషెంట్‌ని మర్నాడు మంచం దింపి నాలుగడుగులు వేయించడం ఎలాంటిదో తనకి తెలుసు, అదే పనిని చీకట్లో, వానలో, తుపాకులు పట్టుకున్న సెంట్రీల మధ్య ఒక రాత్రంతా చేయడమే దేదే చేసింది. నా మటుకు నాకు ఈ అరగంట ఆ 65 యూరోలకీ సరిపోయింది. ఇది సర్వీసులో భాగంగా ఉండాలి, అడిగినవాళ్ళకే దొరికేలా ఉండకూడదు, ఇదే నా ఫిర్యాదు, వాళ్ళకి మెయిల్‌లో కూడా రాశాను.

మధ్యాహ్నం తర్వాత బిదసోవా నది ఒడ్డుకి దిగుతాం. ఈ దిగుడు జాగ్రత్త, తడి ఆకుల మీద కాలు జారుతుంది, చేతికర్ర ఉంటే తీసుకెళ్ళండి. నది వేసవిలో చూస్తే మన ఊరి వాగులా ఉంటుంది, ఇంతేనా అనిపిస్తుంది. నీళ్ళలో దిగనివ్వరు, ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని కాళ్ళు పెట్టుకోవచ్చు. ఆగస్టు నెలాఖరు, ఎండ మండిపోతోంది, అయినా ఆ నీళ్ళకి మోకాళ్ళ దాకా జిల్లుమంది. వాళ్ళు చలికాలంలో, ప్యాంట్లు విప్పి మెడకి చుట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుము లోతు, ఒక్కోసారి ఛాతీ లోతు నీళ్ళలో దాటేవాళ్ళు. అవతల ఒడ్డెక్కగానే రైలు పట్టాలు, రోడ్డు, స్పెయిన్ గస్తీ పోలీసులు, తడి బట్టలతో చప్పుడు చేయకుండా అవి కూడా దాటి ఇంకో కొండెక్కాలి. ఆ పట్టాలు ఇప్పుడు లేవు, సైకిళ్ళు తొక్కుకునే బాట అయింది, మేము చూస్తుండగానే ఇద్దరు చిన్నపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని వెళ్ళారు. 1943 డిసెంబర్‌లో, దేదే అప్పటికే జైల్లో ఉంది, ఈ నది పొంగి కామెట్ నాయకుల్లో ఒకడైన ఆంత్వాన్ దుర్సెల్, జేమ్స్ బర్చ్ అనే అమెరికన్ ఎయిర్‌మన్ కొట్టుకుపోయి చనిపోయారు. గైడ్ ఆ పేర్లు చదివి ఒక నిమిషం టోపీ తీశాడు.

దేదే అరెస్టు తర్వాతి కథ ఈ ఒడ్డునే చెప్తారు. ఇరవై సార్ల వరకూ విచారించారు, నాన్నని కాపాడటానికి లైన్ నడిపేది నేనే అని నిజం ఒప్పేసుకుంది, ఇంత చిన్న పిల్ల నడిపించిందంటే జర్మన్లు నమ్మలేదు, నమ్మకపోవడం వల్లే బతికిందంటారు. రావెన్స్‌బ్రూక్, తర్వాత మౌట్‌హౌజెన్ క్యాంపుల్లో పెట్టారు, 1945 ఏప్రిల్‌లో బయటపడింది. నాన్న బతకలేదు, ఒక ద్రోహి పట్టిస్తే దొరికిపోయాడు, 1944 మార్చి 28న పారిస్ పక్కన మోన్ వలేరియాన్‌లో కాల్చేశారు. లైన్ మాత్రం ఆగలేదు, మిగిలినవాళ్ళు నడిపారు, మొత్తం మీద కామెట్ వాళ్ళు పిరనీస్ దాటించింది 288 మందిని.

గైడ్ అక్కడితో ఆపేసి పతకాల గురించి చెప్పాడు, బ్రిటన్ జార్జ్ మెడల్, అమెరికా మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 1985లో బెల్జియం రాజు కౌంటెస్ బిరుదు ఇచ్చాడు అని. మధ్యలో నలభై ఏళ్ళు ఏం చేసిందో నేను రైల్లో చదువుకుని వచ్చాను కాబట్టి వదినకి నేనే చెప్పాను. యుద్ధం అయిపోగానే పూర్తి స్థాయి నర్సు చదువు చదివి ఆఫ్రికా వెళ్ళిపోయింది, కాంగో, కామెరూన్, ఇథియోపియాలో అడిస్ అబాబా, సెనెగల్, అన్నిచోట్లా కుష్టు రోగుల దగ్గరే పని. 2007 అక్టోబర్ 13న తొంభై ఏళ్ళ వయసులో బ్రస్సెల్స్‌లో చనిపోయింది.

కుష్టు అనగానే వదిన నా వైపు తిరిగింది. వదిన వాళ్ళ అమ్మ డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిలో ఆయాగా చేసింది, నిజామాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు ఆ ఆసుపత్రి గురించి, మిషనరీలు నిజాం కాలంలో పెట్టింది. వదిన చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి వరండాలో కూర్చుని చూసేదట. "కుష్టు వస్తే కాళ్ళకి స్పర్శ పోతది, ముల్లు దిగినా, రాయి కోసినా తెల్వదు, పుండు పడి కుళ్ళేదాక మనిషికి నొప్పే ఉండదు. అందుకే మా అమ్మ రోజు పొద్దుగాల్ల ఒక్కొక్కరి కాలు కడిగి, ఎత్తి, అడుగు చూసేది. చెప్పులు బిగువైనయా వదులైనయా చూసేది." అంటూ నీళ్ళలోంచి తన కాళ్ళు తీసి కొంగుతో తుడుచుకుంది, పక్కనే కూర్చున్న ఆ స్కాట్లాండ్ కుర్రాడి మడమ మళ్ళీ ఒకసారి చూసి, టేపు తడవలేదని నొక్కి చూసుకుంది. పైలట్లకి ఎస్పడ్రిల్ తొడిగిన చేతులే తర్వాత కుష్టు రోగుల పాదాలు పట్టుకున్నాయని నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు.

ఇక మిగతా విషయాలు. లంచ్ ప్యాకెట్ ఇస్తారు, బ్రెడ్, చీజ్, హామ్, ఆపిల్. వెజ్ అని ముందే రాస్తే హామ్ తీసేస్తారు గానీ దాని బదులు ఏమీ పెట్టరు, మేము పులిహోర, వేయించిన పల్లీలు తీసుకెళ్ళాం, అదే నయం, గైడ్ పులిహోర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. దారిలో టాయిలెట్ ఎక్కడా లేదు, స్టేషన్‌లో వెళ్ళి రావాలి. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. ఫోన్ సిగ్నల్ కొండ మీద ఫ్రాన్స్‌దా స్పెయిన్‌దా అని ఊగుతూ ఉంటుంది, టైము మారిపోయిందేమో అని కంగారు పడకండి, రెండు దేశాలకీ ఒకటే టైము. పాస్‌పోర్ట్ లేదా రెసిడెన్స్ కార్డు వెంట ఉంచుకోండి, బార్డర్ దగ్గర అడుగుతారు ఒక్కోసారి. నది దగ్గర్నుంచి బిరియాటూ ఊరి దాకా ఒడ్డు వెంట నడిస్తే వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది, తిరుగు ప్రయాణంలో మాత్రం టైముకి వచ్చింది.

పదేళ్ళ లోపు పిల్లల్ని తీసుకురావద్దు, నడక వాళ్ళకి కష్టం, పైగా చెప్పే విషయాలు కూడా బరువైనవి. యుద్ధ చరిత్ర ఇష్టం ఉన్నవాళ్ళు సెప్టెంబర్‌లో వస్తే అక్కడివాళ్ళు ఏటా చేసే స్మారక నడక కూడా చూడొచ్చు, అప్పట్లో దాచిపెట్టిన కుటుంబాల వాళ్ళు, పైలట్ల పిల్లలు, మనవలు వస్తారు. ఈ సర్వీస్ వాళ్ళు మాత్రం మే నుంచి సెప్టెంబర్ దాకే తీసుకెళ్తారు, వాన పడితే ముందు రోజు క్యాన్సిల్ చేసి డబ్బు మొత్తం వాపస్ ఇస్తారు. బుక్ చేసేటప్పుడు కామెంట్స్ బాక్స్‌లో దేదే నర్సు పని గురించి, ఆఫ్రికాలో చేసిన పని గురించి చెప్పమని ఒక లైను రాయండి, నేను మెయిల్ పెట్టాక గైడ్ జవాబిచ్చాడు, అడిగిన గ్రూపులకి కొండ మీద ఆగినప్పుడు చెప్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఫ్రాన్షియా ఇంటి దాకా వచ్చి ఆగిపోవచ్చు, అక్కణ్ణుంచి వ్యాన్‌లో వెనక్కి దింపుతారు, సగం డబ్బే తీసుకుంటారు.